గెలీనా క్రిస్టల్ రేడియో కిట్: రాయి బంగారం, ఇయర్‌ఫోన్ దగ్గరే లోటు

బ్యాటరీ లేకుండా మీడియం వేవ్ పట్టే ఈ కిట్‌కి ప్రాణం గెలీనా రాయి, అంటే సీసపు సల్ఫైడ్. లోహ సల్ఫైడ్లలో కరెంటు ఒకవైపే బాగా పారుతుందని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫెర్డినాండ్ బ్రౌన్ 1874లో గమనించారు. గెలీనా డిటెక్టర్‌కి, అంటే రేడియో తరంగాన్ని పసిగట్టే భాగానికి, జగదీశ్ చంద్ర బోస్ 1904లో అమెరికా పేటెంటు పొందారు. మాన్యువల్‌లో ఆయన పేరే లేకపోవడం బాధాకరం.

ముల్లు తీగ, అంటే రాయిని తాకే సన్నటి తీగ మొన, రాయి మీద ఆనీ ఆననట్టు ఉండాలి. గట్టిగా నొక్కితే శబ్దం పోతుంది. వినపడకపోతే అర మిల్లీమీటరు జరిపి, మెరిసే ముఖం మీదే మళ్లీ వెతకాలి. వేలి జిడ్డు అంటితే శబ్దం పలికే పాయింట్లు దొరకవు కాబట్టి రాయిని పట్టకారుతో పట్టుకోండి. సీసం కనుక చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

స్టేషన్‌ని ఎంచుకునే 240 మైక్రోహెన్రీ కాయిల్, 365 పికోఫారడ్ కండెన్సర్ చక్కగా జత కుదిరాయి. ఎనామిల్ తీగ కొసలు మాత్రం గరుకు కాగితంతో గీకాలి, చాలా సెట్లు మూగబోయేది ఇక్కడే.

పెద్ద లోపం ఇయర్‌ఫోన్‌ది. క్రిస్టల్ రకం ఇయర్‌ఫోన్ డీసీని, అంటే ఒకే దిశలో పారే కరెంటుని, పారనివ్వదు. ఆ కరెంటుకి దారిగా ఇయర్‌ఫోన్‌కి సమాంతరంగా 47 కిలో ఓమ్ రెసిస్టర్ కావాలి, కిట్‌లో ఇవ్వలేదు. ముందు రాయి పనే చేసే జెర్మేనియం డయోడ్‌తో స్టేషన్ పట్టుకుని, తర్వాత రాయికి మారండి.