మిథైల్ కుట్టా, హిస్టోన్ ముడా?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) మూతి కుట్టేశాక లోపల ఎంత మంచి తేజ కాయ ఉన్నా బయటికి రాదు. జన్యువులదీ అదే కథ. ఎముక మజ్జలోని ఒకే మూలకణం నుంచి ఎర్రకణమూ పుడుతుంది, తెల్లకణమూ పుడుతుంది. ఏ టిక్కీ విప్పారన్నదే తేడా. ఆ మూతి మూసి తెరిచే పద్ధతుల్లో రెండు మిథైలేషన్, హిస్టోన్ మార్పు; రక్తంలో ఏది ముఖ్యమన్నదే ప్రశ్న. (ఎర్రకణం చివర్లో కేంద్రకాన్నే వదిలేస్తుంది, అది వేరే సంగతి.)

మిథైలేషన్ అంటే డీఎన్ఏలోని సైటోసిన్ అనే అక్షరం మీద పడే చిన్న ముద్ర, సాధారణంగా జన్యువును మూసి ఉంచేది. కణం రెండైనప్పుడు డీఎన్ఎమ్‌టీ1 అనే ఎంజైమ్ అదే ముద్రను కొత్త పోగు మీదా కొట్టేస్తుంది. అందుకే దాన్ని కుట్టు అంటాను, అంత తేలిగ్గా ఊడదు. హిస్టోన్ (డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్) మార్పు మాత్రం జారుముడి. దాని మీద ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్క చేరితే డీఎన్ఏ చుట్ట వదులవుతుంది, తీసేస్తే బిగుస్తుంది.

రక్తం విషయంలో నా మార్కులు మిథైలేషన్‌కే ఎక్కువ. దాన్ని నడిపే డీఎన్ఎమ్‌టీ3ఏ, టెట్2 జన్యువులు చెడితే, ముఖ్యంగా పెద్ద వయసులో, ఒకే మూలకణం సంతానం మజ్జలో పెరిగిపోతుంది. కొందరిలో అది రక్తక్యాన్సర్ దాకా వెళ్తుంది. మందుల్లోనూ ఇదే ముందు: మిథైల్ ముద్రలను తగ్గించే అజాసిటిడిన్‌కు అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. హిస్టోన్ వైపు నుంచి వొరినోస్టాట్ 2006లో వచ్చింది, అదీ చర్మంలో కనిపించే ఒక రకం లింఫోమాకు (లింఫ్ కణాల క్యాన్సర్‌కు).