ఆరేళ్ల వాడకం తర్వాత: డ్రైవర్ మనదే, ఫర్మ్‌వేర్ మాత్రం కాదు

పాత గ్రాఫిక్స్ కార్డు పెట్టిన టెన్షన్ వల్లే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉన్న కార్డు వైపు వచ్చాను. దాని డ్రైవర్‌కి, అంటే కార్డుని నడిపే ప్రోగ్రామ్‌కి, సోర్స్ కోడ్ ఇవ్వరు. లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఆ డ్రైవర్ మాడ్యూల్ మళ్లీ బిల్డ్ అవ్వాలి. ఓ రాత్రి అవ్వలేదు. స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. తెల్లారితే వీడియో ఇవ్వాలి.

2019లో విశాఖ ద్వారకానగర్‌లో ఒక షాపుకెళ్లి ఏఎమ్‌డీ కంపెనీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 570 కార్డు తీసుకున్నాను. లైనక్స్‌కి అంటే కౌంటర్ దగ్గర కుర్రాడు, "ఏటి సార్, డ్రైవర్ సీడీ వద్దా?" అని నవ్వాడు. నిజంగానే అక్కర్లేకపోయింది. ఈ కార్డుని నడిపే ఏఎమ్‌డీజీపీయూ డ్రైవర్ 2015లో వచ్చిన 4.2 వెర్షన్ నుంచీ కెర్నల్‌లోనే ఉంది. ఆటలు, త్రీడీ ప్రోగ్రామ్‌లు వాడే ఓపెన్‌జీఎల్, వల్కన్‌ల సంగతి మెసా అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ చూసుకుంటుంది. నేను వాడే లైనక్స్ రకం డెబియన్‌లో 10 నుంచి 12 దాకా వచ్చాను, మళ్లీ ఆ నల్ల స్క్రీన్ చూడలేదు. కేడెన్‌లైవ్‌లో వీడియో ఎడిటింగ్, అప్పుడప్పుడూ ఆటలు, అన్నీ హాయిగా నడిచాయి. మా పెదవాల్తేరు ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టాయి గానీ, అది డ్రైవర్ తప్పు కాదుగా.

అయితే ఇది పూర్తి స్వేచ్ఛ అనుకుని మొదట్లో నేనూ మురిసిపోయాను. డ్రైవర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, కానీ కార్డు పనిచేయాలంటే దాని పొలారిస్ చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్‌లు, అంటే ఫర్మ్‌వేర్ ఫైళ్లు, లోడవ్వాలి. వాటిని పంచుకోవచ్చు, సోర్స్ మాత్రం ఉండదు. డెబియన్ 10లో వాటికోసం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కానివి ఉండే నాన్‌ఫ్రీ విభాగాన్ని నా చేత్తో జోడించాల్సి వచ్చింది. ఆ లైన్ రాస్తుంటే ఎక్కడో గుచ్చుకుంది. 2022లో డెబియన్ డెవలపర్ల ఓటింగ్ తర్వాత డెబియన్ 12 ఇన్‌స్టాలరే వాటిని వెంట తెస్తోంది. పని తేలికైంది. కానీ ఇప్పుడు ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి ఆ గుచ్చుకోవడం కూడా ఉండదు, అదే నాకు నచ్చలేదు.

ఈ ఫైళ్లను తీసేసే లైనక్స్-లిబ్రే కెర్నల్ మీద ఇలాంటి కార్డుతో త్రీడీ మీద ఆశ వదులుకోవాలి. అందుకే రెండో మెషీన్ పెట్టాను: నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్, అంటే హాస్వెల్, మీద లైనక్స్-లిబ్రే వాడే ట్రిస్కెల్. దాని హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్‌కి లోడ్ చేయాల్సిన ఫర్మ్‌వేరే లేదు. వల్కన్ మాత్రం అరకొర. ఆ తర్వాత వచ్చిన ఆరో తరం స్కైలేక్ నుంచి ఇంటెల్‌లోనూ ఫర్మ్‌వేర్ ఫైళ్లు మొదలయ్యాయి. కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బయాస్ సంగతి అడక్కండి, అదో పెద్ద కథ.

ఎన్విడియానే కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో కెప్లర్ చిప్ ఉన్న 600, 700 సిరీస్ వెతకండి. బాక్స్ మీది నంబర్ కాదు, చిప్ పేరు చూడాలి. అవి ఎన్విడియా కార్డులకు ఉన్న ఓపెన్ సోర్స్ డ్రైవర్ నూవోతో ఫర్మ్‌వేర్ ఫైళ్లు లేకుండానే నడుస్తాయి. 900 సిరీస్ నుంచి కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ తప్పదు. 2022లో ఎన్విడియా తన కెర్నల్ మాడ్యూళ్ల సోర్స్ విడుదల చేసింది గానీ, ఫర్మ్‌వేర్, పైనుండే లైబ్రరీలు ఇంకా మూసే ఉన్నాయి.

మా తమ్ముడు ఆటల కోసం అడిగితే రేడియానే కొనమన్నాను. రాతపనికీ కోడ్‌కీ నేను కూర్చునేది హాస్వెల్ ముందే.