నీడను నిలబెట్టిన చుక్క: నాలుగేళ్లుగా స్నాప్‌సీడ్ వాడుతున్నాక

స్నాప్‌సీడ్ గురించి మాట్లాడితే నాకు సెలెక్టివ్ టూల్ (ఫొటోలో మనం ఎంచుకున్న చోటును మాత్రమే మార్చేది) గురించి ఒక్కటే మాట్లాడాలనిపిస్తుంది. ఫోన్‌లో ఫొటోలు ఎడిట్ చేసే ఫ్రీ యాప్, యాడ్స్ రావు, అదంతా అందరికీ తెలిసిందే.

పోయిన కార్తీకంలో నాన్నను నల్గొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోయాను. లింగం వెనక గోడ మీద పొద్దంతా కదలకుండా ఉండే ఆ స్తంభం నీడ ఫొటో ఆయనకు కావాలి. మోకాళ్ల నొప్పులతో మళ్లీ రాగలనో లేదో, పూజ గదిలో పెట్టుకుంటా అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే దీపం దగ్గర తెల్లగా కొట్టేసింది, గోడంతా నల్లగా ఉంది, నీడ ఎక్కడుందో నాకే తెలియలేదు.

ముందు ఫొటోలో చీకటి భాగాలన్నిటినీ వెలిగించే షాడోస్ పెంచాను. గోడతో పాటు నీడ కూడా తేలిపోయి బూడిద రంగులోకి వచ్చింది, దేనికోసం పోయామో అదే మాయం. ప్రాణం ఉసూరుమంది. అప్పుడు సెలెక్టివ్‌లో గోడ మీద ఒక చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని చుట్టూ ఉండే వలయాన్ని చిన్నది చేసి (మారే చోటంతా ఎర్రగా కనబడుతుంది), బ్రైట్‌నెస్ 40 దాకా తీసుకుపోయాను. నీడ మీద ఇంకో చుక్క పెట్టి దాన్ని సున్నా దగ్గరే వదిలేశాను. పక్క చుక్క వెలుగు నీడ మీదికి పాకకుండా ఈ రెండోది ఆపుతుంది. గోడ తేరుకుంది, రాతి మీది నూనె మరకలతో సహా కనబడింది, నీడ మాత్రం అంచు గీసినట్టు నల్లగా నిలబడింది. నాన్న ఫోన్ పట్టుకుని చాలాసేపు చూశాడు.

ఇంతకుముందు ఎవరడిగినా ఎలాంటి ఫొటోనైనా బాగుచేయొచ్చనేవాణ్ణి. ఇప్పుడు అనను. జేపెగ్‌లో (ఫొటో మామూలుగా సేవ్ అయ్యే ఫార్మాట్) ఒక్కో రంగుకు 256 వెలుగు మెట్లే, పూర్తిగా నల్లబడ్డ మూలల్ని పైకి లాగితే గింజలు గింజలుగా తేలింది, దీపం దగ్గర పోయిన వివరం ఎంత తగ్గించినా తిరిగి రాలేదు. చెయ్యి కదిలిన ఫొటోకైతే అసలు ఆశ పెట్టుకోవద్దు. ఇంకోటి, రాత్రిపూట స్క్రీన్ వెలుగు ఫుల్ పెట్టుకుని ఎడిట్ చేశాను కాబట్టి మొదటి ప్రింట్ చీకటిగా వచ్చింది. వెలుగు సగానికి తగ్గించి మళ్లీ చేసి ఇంకో ప్రింట్ వేయిస్తే కుదిరింది.

నాకు లాప్‌టాప్ లేదు, తీసేవి ఇంట్లోవాళ్ల ఫొటోలూ గుళ్లూ. ఆ మాత్రానికి ఇది చాలు. పెళ్లి ఆర్డర్లు చేసేవాళ్లకు, ఒకేసారి వందల ఫొటోలు చూడాల్సినవాళ్లకు సరిపోతుందని మాత్రం నేను చెప్పలేను.