సర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం) క్యాన్సర్‌కి 'ఫుల్ రేడియేషన్ ప్యాకేజీ' అంటున్నారా? ఆగండి

పేరు రాయను, హోర్డింగులు చూసినవాళ్లకి ఏ సెంటరో అర్థమైపోతుంది.

పేషెంటు మా పిన్ని, 2బి స్టేజి. ఆపరేషన్ కాదు, రేడియేషన్, దాంతోపాటు వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు అన్నారు. అంతవరకు సరైన మాటే. 45 గ్రే (రేడియేషన్ డోసు కొలత), 25 సిట్టింగులు, "అన్నీ ఇందులోనే" అని డబ్బంతా ముందే కట్టించుకున్నారు.

25వ సిట్టింగ్ అయ్యాక, ట్రీట్‌మెంట్ అయిపోయినట్టు గంట కొట్టించారు. దండ, ఫొటో, చప్పట్లు. పది నిమిషాలకి కౌంటర్‌లో "లోపలి కరెంటు ఎప్పట్నుంచండీ?" అని అడిగితే (అంటే గర్భాశయం లోపల్నుంచే ఇచ్చే రేడియేషన్, బ్రాకీథెరపీ), ఆవిడ స్క్రీన్ మీంచి తలెత్తకుండానే "బ్రాకీ మిషన్ మా దగ్గర లేదండి, బయట చేయించుకోవాలి. ఫైల్లో రాశారుగా" అంది. తీసి చూస్తే రాసే ఉంది. ఆఖరి పేజీలో, ఆ రోజు తారీఖుతో! డాక్టరుగారు ఇంకో మెట్టు పైన: "కావాలంటే ఇక్కడే బయట్నుంచి బూస్ట్ (అదనపు డోసు) ఇచ్చేస్తాం, రెండూ ఒకటే." బిల్లు మాత్రం వేరే, చెప్పాలా.

రెండూ ఒకటి కాదు. బయటిదీ లోపలిదీ కలిపి, 2 గ్రే సిట్టింగుల్లోకి మార్చిన లెక్కన (ఒకేసారి పెద్ద డోసిస్తే ప్రభావం ఎక్కువ కాబట్టి) గడ్డకి 80–85 గ్రే దాకా పడాలి. అంతా బయట్నుంచే కొడితే ముందున్న మూత్రాశయం, వెనకున్న పెద్దపేగు, పైనున్న చిన్నపేగులు తట్టుకోలేవు. పైగా మూత్రం నిండితే గర్భాశయం ఒకచోట, ఖాళీ అయితే ఇంకోచోట, గురి ఎలా నిలుస్తుంది? బ్రాకీలో ఇరిడియం-192 గింజని సన్నటి గొట్టంలోంచి గర్భాశయంలోకే పంపుతారు. గింజ నుంచి దూరం రెట్టింపైతే డోసు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది, అందుకే గడ్డకి దండిగా, పేగుకి కొద్దిగా. బయట్నుంచి కొట్టే కొత్త పద్ధతులు ఐఎంఆర్‌టీ అనండి, సైబర్‌నైఫ్ అనండి, దీనికి సమానమని తేలినవి లేవు.

అసలు మంట గడువు గురించి. మొదటి సిట్టింగ్ నుంచి ఆఖరి బ్రాకీ దాకా 56 రోజుల్లో ముగియాలి, లాగేకొద్దీ గడ్డ మళ్లీ పుంజుకుంటుంది. ఐదు వారాల్లో అవ్వాల్సిన సిట్టింగులు మిషన్ రిపేరు, పండగ సెలవులు కలిసి 41 రోజులు పట్టాయి. మిగిలింది 15. బ్రాకీ 7 గ్రే చొప్పున నాలుగుసార్లు, వారానికొకటంటే ఆ గడువులో పట్టదు. వారానికి రెండు పెట్టే చోటు కావాలి, అక్కడ స్లాటూ ఖాళీ ఉండాలి. కొత్తవాళ్లు పాత డోసుల లెక్క అడిగితే, సీడీ ఇవ్వడానికి వీళ్లు 4 రోజులు తిప్పారు!

ఏసీ హాలు, కాఫీ మిషన్ చూసి మురిసిపోయిన నా తెలివికి దండం. "బ్రాకీ ఉందా?" అన్న రెండు ముక్కలు అడగలేకపోయాను.

మీరైనా అడ్వాన్సుకి ముందే అడగండి. బ్రాకీ ఎక్కడ, ఏ తారీఖున, కాగితం మీద రాయించుకోండి. సోర్సు (ఆ ఇరిడియం గింజ) ఎప్పుడు మార్చారో కూడా. ఇరిడియం 74 రోజులకి సగమైపోతుంది, పాతబడితే అదే డోసుకి టేబుల్ మీద ఎక్కువసేపు పడుకోవాలి. ఆరోగ్యశ్రీలో బయటి రేడియేషన్, బ్రాకీ వేర్వేరు ప్యాకేజీలు, రెండిటికీ అప్రూవల్ పెట్టారో లేదో చూసుకోండి. ఇక ఆ గంట సంగతి: ట్రీట్‌మెంట్ సమరీ, డీవీహెచ్ ప్రింటు (ఏ అవయవానికి ఎంత డోసు పడిందో చూపే గ్రాఫు), డైకామ్ సీడీ (స్కాన్లు, రేడియేషన్ ప్లాను ఉండే సీడీ) చేతికొచ్చాక కొట్టొచ్చు.