ఈసీసీ ర్యామ్ కొన్నేళ్లు వాడాక: నాకు నచ్చింది దాని లాగ్

ఈసీసీ ర్యామ్ అంటే, మెమరీలో ఒక బిట్ (0 లేదా 1) తిరగబడితే కనిపెట్టి సరిచేయడానికి అదనపు బిట్లు మోసే ర్యామ్. దాని గురించి ఎవర్ని కదిపినా ముందు కాస్మిక్ కిరణాల (అంతరిక్షం నుంచి వచ్చి చిప్‌ని తాకే కణాల) కథ ఎత్తుకుంటారు. 2003 బెల్జియం ఎన్నికల్లో స్కార్‌బేక్ అనే చోట ఒక అభ్యర్థికి సరిగ్గా 4096 ఓట్లు ఎక్కువ పడ్డట్టు మెషిన్ చూపించింది. ఒకే ఒక్క బిట్ 0 నుంచి 1కి మారితే వచ్చే తేడా అది. కారణం ఫలానా అని ఎవరూ రుజువు చేయలేదు గానీ, నింద మాత్రం ఆకాశం మీదే పడింది. నా దగ్గర జరిగినదాంట్లో ఆకాశం పాత్ర ఏమీ లేదు. మా బెజవాడ ఎండ, ఒక బలహీనమైన చిప్, అంతే.

మాది పెళ్లి ఫొటోల స్టూడియో. పాత ఆల్బమ్‌లన్నీ దాచే మెషిన్‌లో రైజెన్ ప్రాసెసర్, లినక్స్, డీడీఆర్4 ఈసీసీ స్టిక్కులు ఉన్నాయి. ధర ఎక్కువ, వేగం ఓ పిసరు తక్కువ, షాపులో అడగ్గానే దొరకదు. ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. అంతకుముందు వాడిన మామూలు మెషిన్‌లో అప్పుడప్పుడూ ఒక ఫొటో సగం వరకూ బాగుండి, కింది సగం గులాబీ రంగుకి తిరిగేది. అది ర్యామ్ పనో, డిస్క్ పనో, కార్డ్ రీడర్ పనో ఇప్పటికీ చెప్పలేను. చెప్పడానికి ఆధారం ఎక్కడా లేదు. ఆ చిరాకుతోనే ఈసీసీకి మారాను.

మొన్నటి మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మెషిన్ ఇన్వర్టర్ మీద నడుస్తుంది గానీ ఏసీ నడవదు. గది ఉడికిపోతుంటే లాగ్‌లో, అంటే మెషిన్ తనకి జరిగినవి రాసుకునే చిట్టాలో, ఒక లైన్ పడింది. 'ఈడాక్ ఎంసీ0: 1 సీఈ' అని మొదలై (ఈడాక్ అంటే లినక్స్‌లో మెమరీ తప్పుల్ని నమోదు చేసే భాగం), ఏ వరస, ఏ ఛానెల్, ఏ పేజీ అని చెప్పుకుంటూ పోయి, చివర్లో సిండ్రోమ్ అని ఒక విలువ. సీఈ అంటే సరిచేసిన తప్పు. కాసేపటికి ఇంకొకటి. మర్నాడు అదే వేళకి మళ్లీ. ప్రతిసారీ అదే వరస, అదే ఛానెల్, అదే సిండ్రోమ్.

ఆ సిండ్రోమ్ చూడగానే సగం టెన్షన్ తగ్గింది. 64 బిట్ల డేటాకి 8 చెక్ బిట్లు కలిపి 72గా ర్యామ్‌లో రాస్తారు. అందుకే స్టిక్ మీద ఎనిమిదికి బదులు తొమ్మిది చిప్‌లు కనిపిస్తాయి. ఒక్కో చెక్ బిట్ తనకి అప్పగించిన కొన్ని బిట్ల లెక్క చూసుకుంటుంది. చదివేటప్పుడు ఏయే లెక్కలు తప్పాయో కలిపి చూస్తే ఏ బిట్ తిరగబడిందో తేలిపోతుంది. ఆ తేలిన విలువే సిండ్రోమ్. ఈ పనంతా చేసేది స్టిక్ కాదు, ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్. స్టిక్ అదనపు బిట్లని మోస్తుంది, అంతే. ప్రతిసారీ ఒకే విలువ వస్తోందంటే, తప్పుతున్నది ప్రతిసారీ అదే బిట్. ఆకాశం నుంచి వచ్చి పడేది ఒకే చోట రోజూ పడదు కదా.

వేడికీ దీనికీ సంబంధం ఉంది. ర్యామ్ చిప్‌లో బిట్‌ని దాచే డీరామ్ కణం తన చార్జ్‌ని మెల్లగా పోగొట్టుకుంటూ ఉంటుంది, అందుకని ప్రతి 64 మిల్లీసెకన్లకీ తిరిగి నింపుతారు. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే 32కే నింపాలని నియమం. వేడెక్కేకొద్దీ చార్జ్ తొందరగా కారిపోతుంది. నాది అంత వేడి దాకా పోలేదు, కానీ అసలే బలహీనంగా ఉన్న కణం అంతకుముందే చేతులెత్తేసింది. 2009లో గూగుల్ సర్వర్ల మీద వచ్చిన అధ్యయనం కూడా, వేడి సంగతి పక్కన పెడితే, ఆకాశం కంటే చిప్‌నే ఎక్కువగా అనుమానించింది: ఏడాదిలో 8 శాతానికి పైగా స్టిక్కుల్లో తప్పులు కనబడ్డాయి, వాటిలో ఎక్కువ భాగం చిప్ లోపాల వల్లేనని.

రాత్రి ఏసీ వేసుకుని మెమరీ టెస్ట్ నడిపితే తెల్లవార్లూ ఒక్క తప్పు లేదు. ఇదే మామూలు ర్యామ్ అయ్యుంటే ఆ టెస్ట్‌ని నమ్మి, డిస్క్‌ని అనుమానించి, కొత్త డిస్క్ కొని, గులాబీ ఫొటోలు చూసుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఏ స్టిక్కో కనిపెట్టడం మాత్రం చిరాకు పని. లాగ్‌లో వరస, ఛానెల్ నంబర్లు ఉంటాయి గానీ, బోర్డు మీద స్లాట్లకి వేరే పేర్లు. స్టిక్కులు అటూ ఇటూ మార్చి, మధ్యాహ్నం దాకా ఆగి, తప్పు ఎటు మారిందో చూడాల్సి వచ్చింది.

ఆ తర్వాత కొన్న షాపుకి పట్టుకెళ్లాను.

'సిస్టమ్ హ్యాంగ్ అవుతోందా సార్?'

'లేదండీ, తప్పు వస్తే అదే సరిచేసుకుంటోంది.'

'సరిచేసుకుంటుంటే ఇంకేంటి సార్ ప్రాబ్లమ్?'

జవాబు చెప్పడం నిజంగానే కష్టం. వాళ్లు ఏసీ గదిలో, ఈసీసీ అంటే ఏంటో తెలియని మామూలు బోర్డులో పెట్టి చూసి 'ఓకే సార్' అన్నారు. ఇంటికొచ్చి బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) ఈసీసీ ఆపేసి, మిట్టమధ్యాహ్నం ఏసీ లేకుండా మెమరీ టెస్ట్ నడిపాను. ఎర్ర లైన్ వచ్చింది. ఉండాల్సిన విలువకీ ఉన్న విలువకీ తేడా ఒకే ఒక్క బిట్. దాన్ని ఫొటో తీసి చూపిస్తే అప్పుడు మార్చి ఇచ్చారు. ఇంత మంచి సర్క్యూట్ వల్ల వారంటీకి ఇలాంటి తిప్పలు వస్తాయని ఏ సమీక్షలోనూ చదవలేదు.

లాగ్‌ని ఇంతగా పొగిడాను గానీ, అది తనంతట తాను పిలిచి చెప్పదు. రాస్‌డీమన్ లాంటి, తప్పుల్ని కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రామ్ పెట్టుకుని, తప్పు పడితే మెయిల్ వచ్చేలా నేనే ఏర్పాటు చేసుకున్నాను. లేకపోతే అది గుట్టుగా సరిచేసుకుంటూ పోతుంది. రెండు బిట్లు ఒకేసారి తప్పితే సరిచేయలేదు, గుర్తిస్తుంది, మామూలుగా మెషిన్ అక్కడికక్కడ ఆగిపోతుంది. మూడు తప్పితే పొరబడే అవకాశం కూడా ఉంది. బోర్డు పెట్టె మీద 'ఈసీసీ సపోర్ట్' అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. స్టిక్ పనిచేస్తుంది గానీ సరిచేయడం జరగదు, అలాంటి బోర్డులూ ఉన్నాయి. నేను బయాస్‌లో ర్యామ్ వేగం కొంచెం కొంచెం పెంచి, లాగ్‌లో తప్పులు పడ్డాకే నిజంగా పనిచేస్తోందని ఒప్పుకున్నాను. ఆ తర్వాత వేగం మళ్లీ తగ్గించేశాను.

డీడీఆర్4 తర్వాతి తరం డీడీఆర్5లో ఈసీసీ ఎలాగూ ఉంటుంది కదా అని మా కుర్రాడు అంటాడు. ఆ ఈసీసీ చిప్ లోపలి వరకే. చిప్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారిలో జరిగేది దానికి పట్టదు, లోపల ఏం సరిచేసిందో మామూలుగా మనకి చెప్పదు కూడా. నాకు కావాల్సిందే ఆ చెప్పడం.

నా పని ఇతరుల పెళ్లి ఫొటోలు ఏళ్ల తరబడి దాచడం, పైగా మా ఊరి ఎండలో. ఇంట్లో గేమ్స్ ఆడుకునేవాళ్లకి, అప్పుడప్పుడూ ఎడిటింగ్ చేసుకునేవాళ్లకి ఇది కొనమని చెప్పను. ఆ డబ్బుతో ముందు బ్యాకప్‌కి ఇంకో డిస్క్ కొనుక్కోండి. నేనైతే ఈ డీడీఆర్4 మెషిన్‌నే ఇంకొన్నాళ్లు లాగిస్తాను. డీడీఆర్5కి మారాల్సి వస్తే మాత్రం పూర్తి ఈసీసీ కోసం పది చిప్‌లు ఉన్న స్టిక్కు ధర చూశాకే ఆలోచిస్తాను. ఈసారి బిల్లుతో పాటు, లాగ్ చూపిస్తే మార్చిస్తామన్న మాట కూడా కాగితం మీద రాయించుకుంటాను.