ఏడు ప్రశ్నల ఫారం: రొయ్యల ప్లాంటులో ఎంతవరకు పనికొస్తుంది?

టీములో ఉన్నమాట చెప్పడానికి జనం ఎంత జంకుతున్నారో కొలిచే ఫారం ఇది. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్సన్ ఒక తయారీ కంపెనీలోని 51 టీముల మీద చేసి 1999లో అచ్చువేసిన పరిశోధనలోది. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 7 దాకా మార్కు పెట్టాలి, చివరికి సగటు ఎంత ఎక్కువైతే జంకు అంత తక్కువన్నమాట. పది నిమిషాల్లో అయిపోతుంది. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలోనూ వాడుకోవచ్చు. కాకపోతే ఉన్నదున్నట్టు వాడితే మార్కులు చూసి మేనేజరు మురిసిపోవడం తప్ప ఒరిగేదేం లేదు.

అసలు చిక్కు సగటు దగ్గర. వలిచే టేబుల్ దగ్గర ఒకే ఊరివాళ్లు, ఒకే మేస్త్రీ తెచ్చినవాళ్లు కూర్చుంటే అక్కా, వదినా అనే పిలుపులే. పక్కమనిషిని సాయం అడగడం కష్టమా అంటే నవ్వుతారు. 4 డిగ్రీల్లోపు ఉండాల్సిన రొయ్య, టబ్బులో ఐసు కరిగి మెత్తబడుతుంటే మాత్రం సూపర్‌వైజర్‌తో ఎవరూ అనరు. ఎదురు చెప్పిందంటారని భయం. ఒక ప్రశ్నకు 6, ఇంకోదానికి 2 వస్తే సగటు 4. దాన్నిబట్టి ఏం తెలుస్తుంది? ఏ ప్రశ్నకాప్రశ్న విడిగా చూడాలి.

1, 3, 5 ప్రశ్నలు తిరగేసి అడిగినవి, అంటే వాటికి ఎక్కువ మార్కు పడితే జంకు ఎక్కువున్నట్టు. వాటి మార్కును 8లోంచి తీసేసి రాసుకోవాలి. అన్నిటికీ వరసగా 7 పెట్టిన కాగితం సార్ బాధపడతాడని పెట్టిందే, లెక్కలోకి తీసుకోవద్దు. మార్కుకు 7 గళ్లు కూడా ఎక్కువే. అవును (3), ఒక్కోసారి (2), కాదు (1) చాలు, అప్పుడు 8 బదులు 4లోంచి తీయాలి. చదవలేనివాళ్లకు ప్రశ్న చదివి వినిపించాలి, అదీ బయటిమనిషి. మేస్త్రీ గుమ్మంలో నిలబడినా ఆ రోజు జవాబులు దండగే. ఐదుగురికన్నా తక్కువున్న టేబుల్ ఫలితం విడిగా చూపిస్తే ఎవరేం రాశారో ఇట్టే తెలిసిపోతుంది.

పైవాడి మాటకు తలొగ్గే అలవాటును దేశాలవారీగా లెక్కగట్టిన పరిశోధకుడు హోఫ్‌స్టెడ్ సూచీలో అమెరికాకు 40, మనకు 77, అంటే మన దగ్గర తలొగ్గడం ఎక్కువ. కూలీల నోరు ఇంకా కట్టేసే మేస్త్రీ అడ్వాన్సు ఆ లెక్కలో లేదనుకోండి.

ఫారం జబ్బు చూపిస్తుంది, మందివ్వదు. "ఏమన్నా ఇబ్బందా?" అంటే "ఏం లేదు సార్" అనే వస్తుంది. "ఏ టబ్బులో ఐసు తగ్గిందమ్మా?" అని షిఫ్టుకు రెండుసార్లు అడిగితే చెప్తారు, ఎందుకంటే అది ఫిర్యాదు కాదు, అడిగినదానికి జవాబు. చెప్పగానే ముందు ఐసు రావాలి, తప్పెవరిదన్నది తర్వాత. కిలో లెక్కన కూలిచ్చేచోట టేబుల్ ఆగిన పది నిమిషాలకూ డబ్బు కట్టాలి. అది కట్టని ప్లాంటుకు ఈ ఫారం అనవసరం. మిగతావాళ్ల విషయంలో ఈ ఫారానికి నేనిచ్చే మార్కు ఐదుకు మూడు.