అంబాసిడర్ స్టీరింగ్ కోసం బెజవాడ, అట్నుంచి సాగర్

బెజవాడ హైవే చాలా చోట్ల తిన్నగానే ఉంటుంది కాబట్టి స్టీరింగ్ సంగతి చౌటుప్పల్ దాటేసరికే తేలిపోతుంది. మా అంబాసిడర్ ఎడమకి లాగుతోంది, స్టీరింగ్ కాస్త తిప్పినా ముందు చక్రాల్లో కదలిక లేదు, పక్కనుంచి లారీ పోతే టెన్షనే. అంతకుముందు హైదరాబాద్‌లో ఒకచోట కంప్యూటర్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) అన్నారు, మెషిన్‌లో ఈ కారు పేరే లేకపోతే ఇంకేదో బండి లెక్కలు పెట్టి, తెర మీద పచ్చ గుర్తులు చూపించి డబ్బులు తీసుకున్నారు.

బెజవాడ ఆటోనగర్‌లో మేస్త్రి పద్ధతి వేరు. జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు, తర్వాత పక్కలకి. పక్కలకి ఆడితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు) అరిగినట్టు, పైకీ కిందకీ ఆడితే బేరింగో కీళ్లో చూడాలి. మాకు రెండు వైపులా ఎండ్లు పోయాయి. ముందు చక్రాలకి స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ అనే కడ్డీ ఎడమవైపు దిగిపోయి ఉంది, ఆ ఎత్తు సమానం చేయకుండా ఎంత అలైన్‌మెంట్ చేసినా దండగే. ర్యాక్‌లో (స్టీరింగ్ తిప్పితే పక్కకి జరిగే పళ్ల కడ్డీ) ప్లే, అంటే వదులు, ఉందని దాన్ని బిగించేసే వాళ్లున్నారు, అలా చేస్తే మలుపు తర్వాత స్టీరింగ్ తిరిగి రాదు, కాబట్టి ఒప్పుకోకండి. గ్రీజు కొట్టించి, టైర్లలో గాలి సరిచూసి, చివర్లో చక్రాల పక్కన తిన్నగా దారం కట్టి టో (ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది) సెట్ చేశాడు, రెండు టై రాడ్లూ సమానంగా తిప్పుతూ. రేడియల్ టైర్లు కదా, పాత మాన్యువల్‌లో ఉన్నంత టో-ఇన్ (చక్రాల ముందు భాగం లోపలికి తిరిగి ఉండటం) అక్కర్లేదన్నాడు, నిజమే.

బస విషయానికొస్తే, ఆటోనగర్ దగ్గర లాడ్జి చవకే గానీ పార్కింగ్‌కి నిటారు ర్యాంపు, పవర్ స్టీరింగ్ లేని బండితో చెమటలు పట్టాయి. భవానీపురంలో కృష్ణ ఒడ్డున ఉన్న టూరిజం హోటల్ బెర్మ్ పార్క్ బాగుంటుంది, కాకపోతే ఊరికి ఆ చివర, రోజూ బెంజి సర్కిల్ ట్రాఫిక్ దాటాలి. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ మాత్రం ఆటోలో తిరగడమే మేలు.

తిరుగు దారి కావాలనే గుంటూరు, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా పెట్టుకున్నాం. సాగర్ దగ్గర మలుపుల్లో చెయ్యి కాస్త వదిలితే స్టీరింగ్ తనంతట తానే తిన్నగా వచ్చేస్తోంది, లాగుడు లేదు. ఆపి తిప్పితే బరువే, అది ఈ బండి గుణం. సాగర్‌లో టూరిజం హోటల్ విజయ విహార్ నుంచి జలాశయం కనిపిస్తుంది, ఒక రాత్రికి హాయి, వారాంతంలో జనం ఎక్కువ.

కొంతదూరం తిరిగాక టార్షన్ బార్ సర్దుకుంటుంది, ఎత్తూ టో మళ్లీ చూడాలని మేస్త్రి చెప్పాడు. దానికోసం బెజవాడ దాకా పోనక్కర్లేదు, దారం, టేపూ, చదునైన నేలా ఉంటే ఇంటి దగ్గరే చూసుకోవచ్చు.